పాత సీడీ ప్లేయర్ కొంటున్నారా? ముందు దాని చప్పుడు వినండి

ఇవాళ్టి ఎపిసోడ్ సెకండ్ హ్యాండ్ సీడీ ప్లేయర్ గురించి. ఏ బ్రాండ్ గొప్పది, ఏ చిప్ గొప్పది అనే గొడవ జోలికి నేను పోవట్లేదు. నా ప్రశ్న ఒక్కటే. ప్లేయర్‌ని ఇంట్లో స్టీరియోకి తగిలించి రాత్రిపూట తక్కువ సౌండ్‌లో వింటుంటే, పాట తప్ప ఇంకేమీ వినపడకూడదు. అలాంటి ప్లేయర్‌ని పాత సామాను షాపులో నిలబడి ఎలా గుర్తుపట్టాలి?

"ఇప్పుడు సీడీలు ఎవరు వింటారు బాబూ" అని మీలో కొంతమందికి అనిపించొచ్చు. మా ఇంటి సంగతి చెప్తాను. మా నాన్నగారి దగ్గర బీరువాలో రెండు అరల నిండా సీడీలు ఉన్నాయి. ఎక్కువ భాగం కర్ణాటక సంగీత కచేరీలు, కొన్ని పాత సినిమా పాటలు. సినిమా పాటలు దాదాపు అన్నీ ఫోన్‌లో దొరుకుతాయి. కచేరీలు అలా కాదు. అదే కళాకారుడు, అదే రాగం దొరికినా, ఆ రోజు ఆ సభలో పాడింది దొరకదు. ఆయన వినేది రాత్రి తొమ్మిది దాటాక, పక్క గదిలో పాప పడుకున్నాక. ప్లేయర్ ఆయన కుర్చీకి ఆరడుగుల దూరంలో ఉంటుంది. వీణ ఆలాపనలో ఒక స్వరం మీటి, అది పూర్తిగా కరిగిపోయేదాకా వాయించేవారు ఆగుతారు. సరిగ్గా అక్కడ డబ్బాలోంచి "గుర్ర్" అని వినపడిందనుకోండి, ఆ కచేరీ వినబుద్ధి కాదు. పాప లేస్తుంది కాబట్టి సౌండ్ పెంచడానికీ లేదు. చివరికి సీడీలు బీరువాలోనే ఉండిపోతాయి.

సరే, అసలు విషయానికి వద్దాం. సీడీ ప్లేయర్‌లో చప్పుడు రెండు రకాలు. ఒకటి స్పీకర్లలోంచి వచ్చేది, అంటే కరెంటు తాలూకు నాయిస్. రెండోది డబ్బాలోంచే నేరుగా గాలిలోకి వచ్చేది, అంటే మోటారు, గేర్లు, ట్రాన్స్‌ఫార్మర్ చేసే చప్పుడు. బ్రోచర్లలో కనిపించే డెసిబెల్ అంకెలన్నీ మొదటి రకం గురించే. కానీ ఇంట్లో మనల్ని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా రెండోది. దాని గురించి బ్రోచర్‌లో సాధారణంగా ఒక్క ముక్క కూడా ఉండదు.

మొదటి రకం గురించి త్వరగా చెప్పేస్తాను. సీడీలో ఆడియో 16 బిట్లు, సెకనుకి 44,100 శాంపిళ్లు. 16 బిట్లంటే లెక్క ప్రకారం సుమారు 96 నుంచి 98 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్. అంటే బాగా పెద్ద శబ్దానికీ, డిస్క్‌లోనే ఉండే అతి చిన్న నాయిస్‌కీ మధ్య అంత తేడా ఉంటుంది. పాడవకుండా ఉన్న మామూలు ప్లేయర్ కూడా దీనికి దగ్గరగానే వస్తుంది. కచేరీ రికార్డింగ్‌లో హాల్లో జనం కదిలిన చప్పుడూ, మైకు నాయిస్సూ దీనికంటే చాలా పైన ఉంటాయి. కాబట్టి ఒక ప్లేయర్ మీద 100 అనీ, ఇంకోదాని మీద 110 అనీ రాసి ఉంటే ఆ తేడాకి డబ్బు పెట్టకండి. పైగా డిస్క్‌లో పూర్తి నిశ్శబ్దం వచ్చినప్పుడు కొన్ని ప్లేయర్లు అవుట్‌పుట్‌ని మ్యూట్ చేసేస్తాయి. అప్పుడు కొలిస్తే అంకె బ్రహ్మాండంగానే ఉంటుంది. పాట నడుస్తున్నప్పటి సంగతి అది చెప్పదు.

ఇప్పుడు రెండో రకం. దీనికి ముందు డిస్క్ ఎలా తిరుగుతుందో తెలియాలి. గ్రామఫోన్ రికార్డు బయటి అంచు నుంచి లోపలికి నడుస్తుంది, వేగం మారదు. సీడీ దీనికి రివర్స్. లోపల మొదలై బయటికి వెళ్తుంది. లేజర్ కింద ట్రాక్ ఎప్పుడూ ఒకే వేగంతో, సెకనుకి 1.2 నుంచి 1.4 మీటర్లు, కదలాలి. లోపలి చుట్టు చిన్నది కాబట్టి అక్కడ డిస్క్ గబగబా తిరగాలి, నిమిషానికి సుమారు 500 చుట్లు. బయటికి వెళ్లేకొద్దీ నెమ్మదించి సుమారు 200 చుట్లకి వస్తుంది. అంటే మొదటి పాట దగ్గర సెకనుకి ఎనిమిది చుట్లు, ఆఖరి పాట దగ్గర మూడు చుట్లు.

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం పరీక్ష మీ చేతిలో ఉన్నట్టే. చప్పుడు మొదటి పాటలో ఎక్కువగా ఉండి, చివరికి వచ్చేసరికి తగ్గిందా? అయితే అది తిరిగే భాగానిది, అంటే స్పిండిల్ మోటారు, దాని బేరింగ్, లేదా డిస్క్ బ్యాలెన్స్. మొదట్లో నిశ్శబ్దంగా ఉండి చివరి పాటల్లో చప్పుడు మొదలైందా? అయితే లేజర్‌ని పక్కకి జరిపే పట్టాలు, గేర్లు, లేదా ట్రాకింగ్ అనుమానించాలి. డిస్క్ కొంచెం వంకరగా ఉంటే ఆ ఊపు బయటి అంచులోనే ఎక్కువ. బలహీనపడిన మెకానిజం ముందు అక్కడే తడబడుతుంది.

అందుకే నేను చప్పుడుని చిరాకుగా మాత్రమే చూడను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో సర్వర్ పడిపోయేముందు లాగ్స్‌లో వార్నింగులు వచ్చేవి, ప్లేయర్ చప్పుడు కూడా అలాంటిదే అన్నమాట. బేరింగ్ అరిగితే మోటారు ఒరుసుకుంటుంది. లేజర్ కాంతి తగ్గితే సర్వో కష్టపడి వెతుకుతుంది, ఆ వెతుకులాట "చిక్ చిక్" అని వినపడుతుంది. సోనీ సీడీపీ-101 జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 1982 అక్టోబర్ 1న. ఆ కాలం వాటికి నలభై ఏళ్లు దాటాయి. సంతలో ఎక్కువగా కనపడే తొంభైల నాటి ప్లేయర్లకి కూడా పాతికేళ్లు పైనే. సో, నిశ్శబ్దంగా ఉన్న ప్లేయర్‌ని ఎంచుకుంటే ఇంకొన్నాళ్లు బతికే ప్లేయర్‌ని ఎంచుకున్నట్టే. నూటికి నూరుపాళ్లు గ్యారంటీ అని అనను కానీ, షాపులో నిలబడ్డ మనకి దొరికే మంచి ఆధారం ఇదే.

ఇక పరీక్ష. ఇంటి నుంచి మూడు డిస్కులు పట్టుకెళ్లండి. ఒకటి 70 నిమిషాలకి పైగా నిండిన ఒరిజినల్ ఆడియో సీడీ, గీతలు లేనిది. రెండోది కంప్యూటర్‌లో రాసుకున్న సీడీ-ఆర్, ఆడియో సీడీగా రాసింది. మూడోది కొంచెం గీతలు పడ్డ ఒరిజినల్. ఒక జాగ్రత్త. మన దగ్గర ఒకప్పుడు వంద పాటలు, నూటయాభై పాటలు అని అమ్మిన ఎంపీత్రీ సీడీలు ఉంటాయి కదా, అవి పట్టుకెళ్లకండి. పాత ఆడియో ప్లేయర్ వాటిని పాడదు, అది దాని తప్పు కాదు. అలాగే పైన కాగితం స్టిక్కర్ అంటించిన డిస్కు వద్దు. స్టిక్కర్ బరువు ఒక పక్కకి లాగితే మంచి ప్లేయర్ కూడా ఊగుతుంది.

ఒకటో మెట్టు: డిస్క్ లేకుండా ప్లేయర్ ఆన్ చేయండి. యాంప్లిఫయర్ ఆఫ్‌లో ఉండాలి. చాలామంది అమ్మేవాళ్లు ముందుగా పెద్ద సౌండ్‌లో పాట పెడతారు. "భయ్యా, ముందు యాంప్ బంద్ చేయండి, నేను డబ్బా వింటాను" అని మర్యాదగా చెప్పండి. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ హమ్ వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ హమ్ దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర సన్నగా "మ్‌మ్" అని ఉంటుంది. చెవి ఆనిస్తేనే వినపడితే ఫర్వాలేదు. రెండడుగుల దూరానికి వినపడితే పై మూత మీద అరచేతితో నొక్కండి. నొక్కగానే ఆగిపోతే మూత అదురుతోందని అర్థం, స్క్రూ బిగిస్తే పోతుంది. నొక్కినా ఆగకపోతే ట్రాన్స్‌ఫార్మరే మోగుతోంది. దాన్ని ఇంటికి తెచ్చుకోవద్దు.

రెండో మెట్టు: ట్రే తెరవండి, మూయండి. నాలుగైదు సార్లు. మూలిగినా, మధ్యలో ఆగినా భయపడకండి. చాలా వాటిలో ఇది రబ్బరు బెల్టు సమస్య. ఏళ్లు గడిచేకొద్దీ బెల్టు సాగిపోతుంది లేదా గట్టిపడుతుంది. అది చవక పని. దీన్ని చూపించి ధర తగ్గించమని అడగొచ్చు.

మూడో మెట్టు: మంచి ఒరిజినల్ డిస్క్ పెట్టండి. ప్లేయర్ ముందుగా డిస్క్ లోపలి అంచులో ఉన్న పాటల పట్టిక చదువుతుంది. ఆరోగ్యంగా ఉన్నదైతే కొద్ది సెకన్లలో పాటల సంఖ్య, మొత్తం నిమిషాలు చూపిస్తుంది. పది సెకన్లు దాటినా, తిరిగి ఆగి మళ్లీ తిరిగినా, లెన్స్ మీద దుమ్మైనా ఉండాలి, లేజర్ అయినా నీరసించి ఉండాలి. అమ్మేవాళ్లని లెన్స్ తుడవమని చెప్పి మళ్లీ చూడండి. తుడిచినా మారకపోతే ఆ ప్లేయర్‌ని వదిలేయండి. అన్నట్టు, ట్రే తెరిచి లోపలికి కళ్లు పెట్టి లేజర్ వెలుగుతోందా అని చూడకండి. సీడీ లేజర్ 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. అది సరిగా కనపడదు కాబట్టి కంటికి ప్రమాదం లేదనుకోవడం తప్పు.

నాలుగో మెట్టు, అన్నిటికంటే ముఖ్యం: మొదటి పాట ప్లే చేసి, యాంప్ ఆఫ్‌లోనే ఉంచి, ప్లేయర్ ముందు మూడడుగుల దూరంలో నిలబడి వినండి. తర్వాత ఆఖరి పాటకి వెళ్లి అలాగే వినండి. ఇందాక చెప్పిన లోపల, బయట లెక్క ఇక్కడ పనికొస్తుంది. నునుపైన సన్నటి "స్స్" మామూలే. లయగా "టక్ టక్", గరగర, ఒరిపిడి వినపడితే అది మోటారు లేదా డిస్క్‌ని పైనుంచి పట్టి ఉంచే క్లాంప్. ఇంకో డిస్క్ పెట్టి చూడండి. డిస్క్ మారితే చప్పుడు పోయిందంటే తప్పు డిస్క్‌ది. మూడు డిస్కులకీ అదే చప్పుడంటే తప్పు ప్లేయర్‌ది.

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో ఈ పరీక్ష చేయాలంటే చుట్టూ ఉన్న గోలలో ఏమీ వినపడదు కదా? నిజమే. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టడం దండగ. ఇంత చిన్న శబ్దాన్ని ఫోన్ మైకు సరిగా కొలవలేదు. దానికి బదులు బైక్ మెకానిక్ ఇంజిన్ బేరింగ్ వినే పద్ధతి వాడండి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన మూత మీద, మెకానిజం ఉన్నచోట ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి. లోపలి ఒరిపిడి స్పష్టంగా తెలుస్తుంది. మూత మీద వేళ్ల కొసలు ఆనించినా అదురు తెలుస్తుంది. మూత తెరిచి, కరెంటు ఉండగా లోపల మాత్రం పెట్టకండి. అక్కడ 230 వోల్టులు ఉంటాయి.

ఐదో మెట్టు: అరగంట నడవనివ్వండి. ఈలోపు టీ తాగండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పాడి, వేడెక్కాక దాటేసే ప్లేయర్లు ఉన్నాయి. తర్వాత సీడీ-ఆర్ పెట్టండి. దాని మీద లేజర్ వెలుగు ఒరిజినల్ కంటే తక్కువగా వెనక్కి వస్తుంది, కాబట్టి లేజర్ శక్తికి అది మంచి పరీక్ష. బాగా తొలినాటి ప్లేయర్లు సీడీ-ఆర్ చదవకపోవచ్చు, అది వేరే సంగతి. చివరగా గీతలు పడ్డ డిస్క్. ఒకట్రెండు చోట్ల తడబడినా తేరుకుంటే చాలు.

ఆరో మెట్టు: ఇప్పుడు యాంప్ ఆన్ చేయండి. మీరు మామూలుగా వినే సౌండ్ కంటే కొంచెం ఎక్కువ పెట్టి, ప్లేయర్‌ని పాజ్‌లో ఉంచండి. స్పీకర్లో "స్‌స్" వస్తే ప్లేయర్‌ని తిట్టకముందు, యాంప్‌ని ఒక్కసారి ఆపి, ప్లేయర్ నుంచి వచ్చే కేబుల్ తీసేసి, మళ్లీ ఆన్ చేయండి. కేబుల్ లేకపోయినా అదే నాయిస్ ఉంటే అది యాంప్‌ది. కేబుల్ పెట్టగానే లావుపాటి "బూమ్" హమ్ వస్తే కేబుల్‌నో, ఎర్తింగ్‌నో చూడాలి. ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ కూడా అదే యాంప్‌కి కలిపి ఉంటే దాని కేబుల్ పీకి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఏ రకం మెకానిజం అయితే మేలు? మెకానిజాల్లో స్థూలంగా రెండు జాతులు. ఫిలిప్స్ వాళ్ల పాత సీడీఎం మెకానిజాల్లో లేజర్ ఒక ఊగే చేయి మీద ఉంటుంది. చేతిని అయస్కాంతం, కాయిల్ కదుపుతాయి. గేర్లు లేవు కాబట్టి గేరు చప్పుడు లేదు, చెవి ఆనిస్తే చిన్న కిచకిచ మాత్రం వినపడొచ్చు. మారంట్జ్ పాత మోడళ్లలో చాలావాటిలో ఇదే ఉంది. రెండో జాతిలో లేజర్ పట్టాల మీద జరుగుతుంది, ఎక్కువగా చిన్న మోటారు, ప్లాస్టిక్ గేర్లతో. ఇంకా కొన్ని కంపెనీలు డిస్క్ అదురునే తగ్గించాలని చూశాయి. పయొనీర్ స్టేబుల్ ప్లాటర్ మోడళ్లలో డిస్క్‌ని బోర్లించి పెద్ద పళ్లెం మీద పెడతారు. టియాక్ వీఆర్‌డీఎస్‌లో డిస్క్ మొత్తాన్ని ఒక పళ్లానికి నొక్కి పట్టిస్తారు. ఇవన్నీ మంచి డిజైన్లే. కానీ అరిగిపోయిన గొప్ప డిజైన్ కంటే అరగని మామూలు డిజైన్ నిశ్శబ్దంగా ఉంటుంది.

స్పేర్ పార్టుల లెక్క కూడా చూసుకోవాలి. కొనేముందు ఆ మోడల్‌లో ఏ లేజర్ ఉందో వెతకండి. సోనీ కేఎస్ఎస్-213, సాన్యో ఎస్ఎఫ్-పీ101ఎన్ లాంటివి చాలా ప్లేయర్లలో వాడారు, వాటికి బదులు పార్టులు మార్కెట్లో ఉన్నాయి, నాణ్యత మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఫిలిప్స్ ఊగే చేయి రకం ఇప్పుడు తయారవ్వట్లేదు, పాడైన ఇంకో ప్లేయర్ నుంచి తీసి వేయాల్సిందే. స్పిండిల్ మోటారు మార్చడం కూడా తేలిక కాదు. డిస్క్ కూర్చునే పళ్లెం ఎత్తు సరిగ్గా కుదరాలి, లేకపోతే లేజర్‌కి ఫోకస్ దొరకదు.

"ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఉంది కదా, అది చాలదా?" చాలొచ్చు. ఇదే పరీక్ష పెట్టండి. కొన్ని సీడీకి కూడా చప్పుడు చేస్తాయి, కొన్నిట్లో ఫ్యాన్ ఉంటుంది. కంప్యూటర్ డ్రైవ్ మాత్రం వేరే జంతువు. 52ఎక్స్ అని రాసి ఉన్నది పూర్తి వేగంలో నిమిషానికి పదివేల చుట్లకి దగ్గరగా వెళ్తుంది, అందుకే ఆ విమానం మోత. జేబులో పెట్టుకునే డిస్క్‌మ్యాన్ రకం ఉంటే అందులో యాంటీ షాక్ బటన్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే పాటని ముందే మెమరీలో నింపుకోవడానికి డిస్క్‌ని వేగంగా తిప్పుతుంది. ఆఫ్ చేస్తే చాలా మోడళ్లు నెమ్మదిస్తాయి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, వదినో ఈసారి వచ్చేటప్పుడు అక్కడి నుంచి పట్టుకొస్తామన్నారా? వెనక స్టిక్కర్ ఫోటో అడగండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజ్ సరిపోతుంది కానీ 50 హెర్ట్జ్ 60 అవ్వదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒత్తిడి పెరిగి హమ్, వేడి ఎక్కువ కావొచ్చు. పైగా ఆ స్టెప్‌డౌన్ డబ్బా కూడా మోగుతుంది. నిశ్శబ్దం కోసం కొని రెండు హమ్‌లు తెచ్చుకున్నట్టు అవుతుంది. జపాన్ మోడళ్లు 100 వోల్టులవి, వాటికీ స్టెప్‌డౌన్ డబ్బా కావాలి. వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉండి, అందులో 220 లేదా 240 ఉంటే సంతోషంగా తెప్పించుకోండి.

కొన్నారు, ఇంటికి తెస్తున్నారు. ముందు డిస్క్ బయటికి తీయండి. చాలా పాత ప్లేయర్లకి కింద ట్రాన్సిట్ స్క్రూలు ఉంటాయి, రవాణాలో మెకానిజాన్ని కదలకుండా పట్టేవి. బండి మీద తెచ్చేటప్పుడు బిగించండి, ఇంట్లో వాడేముందు తప్పకుండా విప్పండి. అవి బిగించే ఉంటే స్ప్రింగుల మీద తేలాల్సిన మెకానిజం డబ్బాకి అతుక్కుని, అదురంతా బయటికి వస్తుంది. పల్చటి చెక్క టీవీ స్టాండ్ మీద పెడితే అది డప్పులా మోగుతుంది. గట్టి అర మీద, నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా పెట్టండి. యాంప్ మీద, స్పీకర్ మీద పెట్టొద్దు.

మొత్తం ఒక్క మాటలో చెప్పాలంటే ఇలా విడగొట్టుకోండి. ట్రే మూలుగు, మూత అదురు, కాళ్లు సమంగా లేకపోవడం, లెన్స్ దుమ్ము: ఇవి బేరమాడటానికి. మోటారు గరగర, పట్టిక చదవలేకపోవడం, వేడెక్కాక దాటేయడం, ట్రాన్స్‌ఫార్మర్ మోత: ఇవి వెనక్కి తిరిగి వచ్చేయడానికి. మీకు మంచి ప్లేయర్ దొరక్కపోతే కంగారుపడి ఏదో ఒకటి కొనకండి. సీడీలన్నిటినీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఫ్లాక్ ఫైళ్లుగా ఎక్కించుకోండి. డ్రైవ్ మోత డిస్క్‌కి ఒక్కసారే, వినేటప్పుడు ఉండదు. ప్లేయర్ దొరికినా ఈ పని చేసుకుంటే మంచిదే, ఎందుకంటే ఆ కచేరీలకి మీ దగ్గరున్న డిస్క్ తప్ప ఇంకో కాపీ ఉండకపోవచ్చు.

ఈ ఆదివారం సంతకి వెళ్తే జేబులో మూడు డిస్కులు, ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో సీడీలని ఫ్లాక్‌లోకి తప్పుల్లేకుండా ఎక్కించడం ఎలాగో చూద్దాం. ఉంటాను మరి.